పిలవని పిలుపు

జనవరి 9, మంగళవారం

ఫిలిప్పా గార్నెట్ ఈ రోజు నా మెడకో డోలు కట్టి వెళ్ళింది. లండన్‌లో ముప్పై ఏళ్ళు ఏదో పెద్ద ఉద్యోగం చేసి వచ్చి, మా ఊళ్ళో పాత పిండిమర కొనుక్కున్న నాటి నుంచీ వారసత్వ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. మే నెలలో వచ్చే సందర్శకుల కోసం కరపత్రం వెయ్యాలట. పేరు కూడా పెట్టేసింది: 'ఆర్లోడ్‌లో చూడదగ్గ పది'. రాయాల్సింది నేను.

"మీరు లెక్కల మాస్టారు కదండీ. పది అంటే పదే రాస్తారు. మిగతావాళ్ళకిస్తే పదమూడు చేసి తెస్తారు," అంది.

సెవర్న్ నది మళ్ళీ పొలాల్లోకి వచ్చింది. చర్చి గుడికి వెళ్ళే దారి మీద మోకాలి లోతు నీళ్ళు. బూట్లు వేసుకుని రొట్టె కోసం వెళ్ళిన మా ఆవిడ ఆడ్రీ దుకాణంలో ఒక మాట విని వచ్చింది. చేపలు పట్టే ఐవర్ థేయర్‌కి బాగాలేదట. ఊపిరితిత్తులు. పాపం.

జనవరి 11

రెండు అయ్యాయి. పబ్ గోడ మీద వరద గీతలు ఒకటి. 1947 గీత అన్నిటికన్నా పైన, నా తలకు మించి ఉంటుంది. వచ్చిన వాళ్ళంతా దాని కింద నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఆ ఏడు మా అమ్మ మేడ మీద పడక గదిలో పొయ్యి పెట్టి వండిందట, కోళ్ళు కూడా ఆ గదిలోనే. అది కరపత్రానికి అక్కర్లేదు.

ఇంకొకటి బేరి పళ్ళ తోట. మూడు వందల ఏళ్ళ చెట్లు. ఆ పళ్ళు తింటే నాలుక పిడచ కడుతుంది గానీ, వాటితో చేసే మద్యం మాత్రం అమృతం. నిరుడు ఫిలిప్పా తెలియక మూడు గ్లాసులు తాగి పాత ఫెర్రీ రేవు గురించి ఉపన్యాసం ఇచ్చింది.

జనవరి 16, మంగళవారం

సాయంత్రం గుడి గంటల సాధన. నీళ్ళు తీశాయి. ఐదుగురే వచ్చారు. ఐదుగురితో ఎనిమిది గంటలు ఏం మోగుతాయి. త్వరగానే ఇంటికి వచ్చి నాలుగో అంశం రాశాను. ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను:

'గుడి గోపురం. ఎనిమిది గంటలు. ఒక్కో గంటకు ఒక తాడు, ఒక మనిషి. ఇక్కడ పాటలు వాయించరు. గంటలు మోగే వరసను మారుస్తూ పోతారు. ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాకూడదు. అలా ఐదు వేల పైచిలుకు వరసలు, కాగితం చూడకుండా, చెయ్యి ఆపకుండా మోగిస్తే దాన్ని పీల్ అంటారు. మూడు గంటల సేపు పడుతుంది. వరస మలుపు తిరగాల్సిన చోట నాయకుడు "బాబ్" అని కేక వేస్తాడు. అచ్చంగా ఈ ఊరివాళ్ళు ఎనిమిదిమందే మోగించిన పీల్ ఒక్కటే ఉంది. 1979 మే 19. బంగారు అక్షరాలతో వారి పేర్లున్న చెక్క పలకను గోపురంలో చూడవచ్చు.'

బాగానే ఉంది. ఇందులో లేనిది ఒకటుంది. ఒక్క వరస రెండోసారి వచ్చినా ఆ మూడు గంటలూ చెల్లవు. దాన్ని మేం 'తప్పు' అనం. 'అబద్ధం' అంటాం. నిజం పీల్, అబద్ధం పీల్. ఏదన్నది చెప్పాల్సింది కేక వేసినవాడే. ఇంకెవరూ పరీక్ష పెట్టరు. అతను నిజం అంటే నిజం, పలక ఎక్కుతుంది.

సందర్శకులకు ఇంత అవసరం లేదు.

జనవరి 17

పలక మీద నాయకుడి పేరు నాదే. లయనెల్ మాప్, ఎనిమిదో గంట. ఐదో గంట ఐవర్ థేయర్.

ఆ రోజు జరిగింది ఇంతే. పీల్ అయ్యాక గుడి గుమ్మం దగ్గర కేకు కోస్తున్నారు. గుడికి ఆరు వందల ఏళ్ళు నిండిన సందర్భం, బిషప్ గారు కూడా ఉన్నారు. అప్పుడు ఐవర్ చెమట తుడుచుకుంటూ, "మూడో భాగంలో ఒక బాబ్ తప్పిందేమో కదరా," అన్నాడు, అందరూ వినేలా. "లెక్క తప్పింది నీకే," అన్నాను నేను. అందరూ నవ్వారు. తర్వాతి మంగళవారం వాడు సాధనకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పదకొండేళ్ళ వయసులో ఇద్దరం ఒకేరోజు తాడు పట్టుకున్నాం. మొండితనానికి మందు లేదు.

జనవరి 25

మళ్ళీ వాన. పోస్టాఫీసు గదిలో ఉన్న రాతి తొట్టి గురించి రాశాను. దాని మీద ఎవరికైనా ఆసక్తి ఉంటుందని అనుకోను.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఫిలిప్పా వచ్చింది. నాలుగో అంశం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఇదేనండీ ఈ కరపత్రానికి ప్రాణం. మిగతా తొమ్మిదీ ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ఆ ఎనిమిదిమందిలో ఇప్పుడు ఎవరెవరున్నారు?"

"నేనూ, ఐవర్ థేయరూ."

"అయితే మీ ఇద్దరినీ పలక కింద నిలబెట్టి ఫోటో తీద్దాం. ప్రారంభోత్సవం నాడు."

"అతను మెట్లు ఎక్కలేడు."

"కిందే తీద్దాం, పలక దించి."

"ఆ పలకని దించడం కుదరదు," అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. ఆవిడ నా వంక వింతగా చూసి టీ తాగేసి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉండి ఉంటుంది నా వాలకం.

ఫిబ్రవరి 3

ఆడ్రీ కూర తరుగుతూ అంది: "ఐవర్ వాళ్ళ రోవెనా కనబడింది. వాళ్ళ నాన్నకి డాక్టర్లు ఏప్రిల్ దాకా చెప్పారట. వెళ్ళి చూసి రా."

"చూద్దాం."

"నలభై ఐదేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నావు. దారిలో కనిపిస్తే 'ఈ రోజు గాలి ఎక్కువగా ఉంది', 'అవును, ఎక్కువగానే ఉంది'. మీ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో వాతావరణం తప్ప ఇంకోటి నడిచిందా? అసలు దేని గురించి మీ గొడవ?"

"నీకు తెలుసుగా. వాడు అందరి ముందూ నన్ను అబద్ధాలకోరన్నాడు."

"అన్నాడా?"

అనలేదు. 'తప్పిందేమో కదరా' అన్నాడు. 'ఏమో' అని కూడా అన్నాడు. నలభై ఐదేళ్ళలో ఆ 'ఏమో' ఎక్కడ పడిపోయిందో.

ఫిబ్రవరి 4

ఆ బాబ్ సంగతి నేనేమీ పూర్తిగా ఖాయంగా చెప్పలేను. మూడు గంటల సేపు మోగిస్తే ఎవరికైనా బుర్ర మొద్దుబారుతుంది.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. ఈ రోజు రాస్తాను.

మూడో భాగం చివర నేను 'బాబ్' అనాల్సిన చోట అనలేదు. ఆ క్షణంలో ఏం ఆలోచిస్తున్నానో కూడా గుర్తుంది. పలక మీద నా పేరు ముందు 'శ్రీ' పెడతారా పెట్టరా అని. ముప్పై ఏళ్ళవాణ్ణి, మొన్ననే బడికి హెడ్మాస్టరునయ్యాను, కింద బిషప్ గారు కూర్చుని ఉన్నారు. తేరుకునేసరికి గంటలు వేరే దారిలో పోతున్నాయి. అప్పుడు 'ఆగండి' అనాలి. తాడు పట్టిన ప్రతివాడికీ మొదటి రోజు నేర్పే మాట అదే. తప్పితే ఆపు, ఇంకో రోజు మళ్ళీ మొదలుపెట్టు. నేను ఆపలేదు. లేని చోట ఒక బాబ్ పెట్టి వరసలని దారికి లాక్కొచ్చాను. ముగింపు చక్కగా కుదిరింది. మధ్యలో కొన్ని వరసలు రెండేసి సార్లు మోగాయి. ఎనిమిదిమందిలో ఒక్కడే పట్టుకున్నాడు.

వాడి మాటకి నేను నవ్వాను. నేను నవ్వాను కాబట్టే అందరూ నవ్వారు.

వెళ్ళి చెప్పాలి. ఏప్రిల్ అంటే ఎంతో లేదు. వాడు ఈ మాట నా నోట వినకుండా పోతే నన్ను నేను క్షమించుకోలేను.

ఫిబ్రవరి 27

వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. డాక్టరు కారు ఉంది. వచ్చేశాను.

మార్చి 5

గేటు దాకా వెళ్ళాను. కారు లేదు. అయినా వచ్చేశాను.

మార్చి 12, మంగళవారం

ఏడాదికంతటికీ పెద్ద అల ఈ రోజే. కరపత్రంలో మొదటి అంశం. సముద్రం పోటు ఎక్కి నదిలోకి జొరబడి, నీళ్ళకి ఎదురు నడిచి వచ్చే అల. పొద్దున్నుంచీ ఒడ్డు నిండా జనం, కార్లు, కెమెరాలు, బర్గర్ల బండి. అల మీద పలకలు వేసుకుని తేలేవాళ్ళు ముప్పైమంది.

ఐవర్ ఎప్పుడూ వాళ్ళ వల కొట్టం ముందు నిలబడేవాడు. ఎవరైనా 'ఎప్పుడొస్తుంది?' అంటే గడియారం చూడకుండా నదిని చూసి నిమిషం చెప్పేవాడు. ఈ రోజు అక్కడ ఎవరూ లేరు. ఒక పెద్దమనిషి నన్నడిగాడు, ఎప్పుడొస్తుందని. పది ఇరవైకి అన్నాను. పది ముప్పై ఐదుకి వచ్చింది.

మార్చి 19, మంగళవారం

వెళ్ళాను.

తలుపు తీసింది రోవెనా. చిన్నప్పుడు 'లయనెల్ అంకుల్' అని భుజమెక్కేది. ఇప్పుడు 'రండి, మిస్టర్ మాప్' అంది. మంచం ముందు గదిలోకి మార్చారు, కిటికీలోంచి నది కనిపించేలా. నేను చూసిన ఐవర్‌లో సగం మనిషే ఉన్నాడు మంచం మీద. చేతులు మాత్రం అవే.

"రారా మాస్టారూ. కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, చూసుకో. దానికీ నీ వయసే."

"ఎలా ఉన్నావు?"

"చచ్చేవాడికి బానే ఉన్నా. ఈల్ చేపపిల్లలు దిగాయంటా?"

"దిగాయట. తక్కువేనట."

"ప్రతేడూ అదే మాట. నేను పుట్టకముందు నుంచీ తక్కువే."

ఇక వాతావరణం గురించి మొదలుపెడితే నేను మళ్ళీ కోటు వేసుకుని వచ్చేస్తానని తెలిసింది. అందుకని చెప్పేశాను. "ఐవర్, డెబ్బై తొమ్మిది పీల్ అబద్ధం. నువ్వు చెప్పిందే నిజం. మూడో భాగంలో కేక మరిచాను. తర్వాత లేని చోట వేసి కప్పేశాను. నాకు ఆ రోజే తెలుసు."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. చూస్తే దుప్పటి మీద వేళ్ళు కదులుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ వెనక్కి. మోగించుకుంటున్నాడు.

"మూడో భాగం చివర," అన్నాడు.

"అవును."

"అక్కడ ఐదో గంటా ఏడో గంటా వెనకాల కలవాలి. కలవలా."

"అవును."

"సరే. అయితే నేనన్నది రైటే." కళ్ళు తెరిచాడు. "రోవెనా, నేను రైటే."

వంటింట్లోంచి రోవెనా "దేంట్లో నాన్నా?" అంది.

"నీ కోపం న్యాయమే. నువ్వు అలిగి మానేసినందుకు ఇన్నాళ్ళూ నిన్నే తప్పుపట్టాను," అన్నాను. ఈ వాక్యం వారం నుంచీ సాధన చేసుకున్నాను.

"అలగడమేంట్రా?"

"గంటలు మానేశావు కదా. నా మీద కోపంతో."

నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "కోపమా? అలగడానికి నేనేమన్నా నీ పెళ్ళాన్నా? నువ్వు లెక్కల మాస్టారువి. నేను పదిహేనేళ్ళకి బడి వదిలేసిన చేపలోణ్ణి. లెక్క తప్పింది నీకే అన్నావు. అయ్యుంటుందిలే అనుకున్నా. ఆ రోజు ఇంటికొచ్చి నెల్‌తో చెప్పా. ఏమేవ్, నా బుర్ర పట్టు తప్పింది, ఐదూ ఏడూ కలవనట్టు వినపడింది నాకు, కలిసే ఉంటాయి. ఇంక నేను తాడు పట్టుకుంటే మిగతా ఏడుగురినీ చెడగొడతా అని. అందుకే మానేశా."

"నా మాట నమ్మావా?"

"నీ మాట నమ్మక ఎవరి మాట నమ్ముతాన్రా?"

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి అడిగాడు, "ఇప్పుడెందుకు చెప్పావు?"

"నీకు తెలియాలని. చెప్పకుండా ఉండిపోతే నాకు..."

"నీకు," అన్నాడు. అంతే. కోపంగా కాదు. ఏదో అంకె సరిచూసుకున్నట్టు. "రోవెనా, మాస్టారికి కోటియ్యి."

మార్చి 20

నన్ను నమ్మాడు.

నలభై ఐదేళ్ళు వాడు నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నాడని బాధపడ్డాను. అనుకుని ఉంటే ఎంత బాగుండేది.

మార్చి 22, శుక్రవారం

ఆడ్రీకి అంతా చెప్పాను. ఆవిడ తిడుతుందని సిద్ధపడ్డాను. తిట్టలేదు.

"అలిగి మానేశాడని నువ్వే చెప్పావు నాకు. ఆ మాట పట్టుకుని నేను నెల్‌తో మాట్లాడ్డం మానేశా. మీ ఆయనకంత పొగరేంటని మొహం మీదే అన్నా. అది బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. పోయి పదహారేళ్ళైంది కదూ నెల్," అంది.

తర్వాత టీ పెట్టుకుంది. ఒక్క కప్పే పెట్టుకుంది.

మార్చి 26, మంగళవారం

సాధనకి వచ్చిన వాళ్ళకి చెప్పాను. అందరూ తాళ్ళ వంక చూశారు. నలుగురం కలిసి పలక దించాం. అనుకున్నదానికన్నా తేలికగా ఉంది. జిల్లా గంటల సంఘానికి ఉత్తరం రాశాను: ఈ పీల్ అబద్ధం, రికార్డులోంచి కొట్టెయ్యండి, కేక వేసింది నేనే. పోస్టు చేసి వచ్చేసరికి గుమ్మంలో ఫిలిప్పా.

"నాలుగు వేల కరపత్రాలు అచ్చయిపోయాయండీ!"

"చూడదగ్గవి తొమ్మిదే అని ఒక చీటీ అంటించండి."

"ఆ పలక గోడకే ఉంటే ఎవరికి నష్టం చెప్పండి? ఒక్క కేక. దాని సంగతి ఎవరికి తెలుస్తుంది?"

"ఆ రోజు నేనూ సరిగ్గా అదే అనుకున్నాను," అన్నాను. ఆవిడకి అది జవాబులా అనిపించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకూ తెలుసు. ఆ ఉత్తరం వల్ల ఐవర్‌కి ఒక్క పూట కూడా తిరిగి రాదు.

మార్చి 31, ఈస్టర్

ఏడుగురం వచ్చాం. ఐదో గంట మోగలేదు. మనిషి దొరక్క.

ఏప్రిల్ 3, బుధవారం

మధ్యాహ్నం రోవెనా వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. చేతిలో ఒక కాగితం ఉంది.

"నాన్న పంపాడు. మీరొచ్చి వెళ్ళిన కాణ్ణుంచీ ఇదే పని. తిండి కూడా సరిగ్గా తినట్లేదు," అంది. గొంతులో కోపం ఉందో అలసట ఉందో తెలియలేదు. "వలకి వెళ్ళేవాళ్ళు పోటూ పాటూ రాసుకునే పుస్తకాలుంటాయి కదా, ఏడాదికొకటి. అటక మీంచి అవన్నీ దింపించాడు. ఆదివారాల పక్కన చుక్కలు పెట్టి ఉన్నాయి. ఏంటివి అంటే, గుడి గంటలు మోగిన రోజులే అన్నాడు. పెరట్లోకి వెళ్ళి వినేవాడట."

"ప్రతి ఆదివారమా?"

"నాకూ తెలీదు. కోళ్ళకి మేత వెయ్యడానికి వెళ్తున్నాడు అనుకునేదాన్ని. ఇప్పుడవన్నీ కూడుతున్నాడు. తను మోగించగలిగి కూడా మోగించనివి ఎన్నో తెలియాలట. వరదల్లో మోగని రోజులకి చుక్క లేదు. కరోనాలో గుడి మూసిన రోజులకీ లేదు. ఒక మూడు మాత్రం తేలలేదు. ఆ మూడు రోజులూ గాలి అటువైపు వీచింది, వినపడలేదు, మాస్టారిని అడిగి రా అన్నాడు."

కాగితం ఇచ్చింది. పెన్సిలుతో మూడు తేదీలు. 1986 నవంబరు 16. 1993 ఫిబ్రవరి 7. 2011 అక్టోబరు 30.

గోపురం రిజిస్టర్లు నా దగ్గరే ఉంటాయి. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. నేను వెతికాను. మొదటిది మోగింది. రెండోది మోగింది. మూడోది మోగలేదు, తాడు తెగి బాగుచేయిస్తున్నామని నా చేతిరాతే ఉంది. అదే చెప్పాను. ఆవిడ తేదీల పక్కన రెండు చుక్కలూ ఒక గీతా పెట్టి, వేళ్ళ మీద ఏదో కలుపుకుంది.

"అయితే రెండు వేల రెండొందల ముప్పై ఒకటి," అంది. "చెప్తాను నాన్నకి."

ఇంకేమైనా అన్నాడా అని అడిగాను.

"లేదండీ. లెక్క తేలాక పడుకుంటానన్నాడు."

ఆవిడ వెళ్ళాక రిజిస్టర్లన్నీ బల్ల మీద పరుచుకుని మొదటి నుంచీ నేనూ లెక్కపెట్టాను. డెబ్బై తొమ్మిది మే నుంచి మొన్నటి దాకా, ఒక్కో ఆదివారం. ఆడ్రీ భోజనానికి రెండుసార్లు పిలిచింది. సరిచూసుకోవడానికి మళ్ళీ వెనక నుంచి కూడా ఒకసారి లెక్కపెట్టాను.

రెండు వేల రెండు వందల ముప్పై ఒకటి. ఐవర్ ఒక్కటి కూడా తప్పలేదు.